సంగీతానికి సభ్యులు

శాస్త్రీయ సంగీతం ప్రజలది కాదనే మాట రెండు వైపులనుంచి వినపడుతూ వుంటుంది. సభలు నడిపే పెద్దమనుషులు ఈ మాట కొంచెం గర్వంగా అంటారు. తాము తలుపులు బార్లా తీసిపెట్టినా జనం రావడం లేదనీ, జనానికి ఆ రుచి లేదనీ వారి ఫిర్యాదు. మన అభ్యుదయ మిత్రులు అదే మాట కోపంగా అంటారు. ఆ కళ రాజాస్థానాల్లో పెరిగింది, అగ్రహారాల్లో ముదిరింది, దానితో మనకేం పని అని వారి వాదం. ఎన్నడూ ఏ విషయంలోనూ కలవని ఈ ఇద్దరూ ఒక్క నిర్ణయం దగ్గర కలుస్తున్నారంటే ఆ నిర్ణయాన్ని అనుమానించి చూడవలసి వుంది.

నేను వృత్తిరీత్యా చెల్లో వాద్యకారుణ్ణి. ఇరవై నాలుగేళ్లు మద్రాసు రికార్డింగు థియేటర్లలో వాయించాను. 1996లో స్వగ్రామమైన కొల్లేటికోట తిరిగి వచ్చినప్పటి నుంచి ఇక్కడి పిల్లలకు ఫిడేలు నేర్పుతూ, నెలకొకసారి కచేరీ జరిపే పనిలో వున్నాను. ఈ అనుభవాన్నిబట్టి పై ప్రశ్నను పరిశీలించాలని నా ఉద్దేశం.

ముందుగా ఒక వాస్తవం. మా ఊరికి శాస్త్రీయ సంగీతం కొత్తగా తెచ్చి పెట్టవలసిన అవసరం ఎన్నడూ లేదు. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు మెరక ఊళ్లనుంచి సన్నాయి మేళాలు వచ్చేవి. దోనెల మీద డోళ్లు ముందూ, మనుషులు వెనకా వచ్చేవారు. తెల్లవారుజామున నీళ్ల మీద మంచు ఇంకా విడవకముందే భూపాలం వినపడేది. రాత్రి ఊరేగింపులో ఒక్కొక్క మలుపు దగ్గర నిలబడి కల్యాణినో, ఖరహరప్రియనో అరగంటసేపు సాగదీసి వాయించేవారు. మా వడ్డీల ఇళ్లలో ఎవరికీ రాగాల పేర్లు తెలియవు. కాని సన్నాయి ఆయన ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ ఊపిరి చాలక దాటవేశాడో మా నాన్నకు తెలిసేది. "ఈ యేడు ఈయన గాలి తగ్గిందిరా" అనేవాడు. దీనిని రుచి అనక ఇంకేమంటారు?

ఆ వాయించేవారెవరు? మంగలి కులంవారు, ఇంకా దక్షిణానికి వెడితే ముస్లిములు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగం చేరి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. త్యాగరాజ కీర్తనలను తరతరాలుగా వీధుల్లో, గుడి మెట్ల దగ్గర, పెళ్లి పందిళ్ల బయట వేలాదిమందికి వినిపిస్తూ వచ్చినవారు వీరే. టిక్కెట్టు లేదు, ద్వారపాలకుడు లేడు. అయినా శాస్త్రీయ సంగీతమనగానే మనకు వీరు గుర్తుకురారు. వేదిక, తెల్లటి దుప్పటి, తంబురా గుర్తుకు వస్తాయి. ఈ మరపు ఎవరి ప్రయోజనానికి కలిగిందో మన విమర్శకులు ఆలోచించవద్దా?

నా చిన్నతనంలో మరొక ద్వారం పంచాయతీ రేడియో. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు ఒకటిన ప్రారంభమయింది. ఏలూరు పక్కన సోమవరప్పాడులో పుట్టిన అన్నవరపు రామస్వామిగారి ఫిడేలు నేను మొదట విన్నది ఆ పెట్టెలోనే. "మన పక్క ఊరాయనే" అని ఎవరో అంటే నమ్మలేకపోయాను. ఫిడేలు వాయించేవాడు పక్క ఊళ్లో పుట్టవచ్చునన్న సంగతి నాకు అంతవరకు తట్టలేదు. (ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్లో ఒకరిద్దరు నన్ను అభినందించిపోయారు! నేనేం చేశానని?) ఫిడేలు మీద మోజు అక్కడ పట్టుకుంది. ఏలూరులో ఒక మాస్టారు నేర్పడానికి ఒప్పుకున్నారు. ఆయన కులం అడగలేదు; ఆయన ఇంట్లోవాళ్లు అడిగారు. అందుచేత నా పాఠం నాలుగేళ్లూ వీధి అరుగు మీదే సాగింది. వానవస్తే పాఠం లేదు. పట్నంలో ఒక సభకు టిక్కెట్టు కొనుక్కునే వెళ్లాను; ముందు వరుసలో కూర్చుంటే ఒక కార్యకర్త వచ్చి, వెనక గోడ దగ్గర నిలబడమని మర్యాదగానే చెప్పాడు. ఆ రోజు పొద్దున్న చేపల బుట్టలు దింపి వెళ్లాను, వాసన వచ్చిందేమో. తలుపు తెరిచే వుంది మరి. వచ్చేవాడు లేడని వారు అప్పుడు అనలేరు. వచ్చినవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోలేకపోయారు.

1972లో మద్రాసు వెళ్లాను. సినిమా వాద్యబృందాల్లో ఫిడేలు కుర్చీలకు పోటీ ఎక్కువ. చెల్లో వాయించేవాళ్లు తక్కువ. ఆకలి నాకు వాద్యాన్ని ఎంచిపెట్టింది. చెల్లో అంటే ఫిడేలు కుటుంబంలోదే, రెండు మోకాళ్లమధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద వాద్యం. కింద ఇనుప ముల్లు నేలకు ఆనుతుంది. నాలుగు తీగలు, ఫిడేలుకంటే ఎంతో మంద్రం. మధ్యవయసు మగవాడు నెమ్మదిగా మాట్లాడినట్టుంటుంది. ఒక ఆంగ్లో ఇండియన్ వృద్ధుడు నాకు కమాను పట్టుకోవడం, పాశ్చాత్య స్వరలిపి చదవడం నేర్పాడు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టని మొదటి గురువు ఆయన.

ఆ థియేటర్లలో ఒక విచిత్రం చూశాను. అయ్యర్లు, ఆంగ్లో ఇండియన్లు, తెలుగు క్రైస్తవులు, ముస్లిములు, నావంటి చేపలవాళ్లు ఒకే వరుసలో కూర్చునేవాళ్లం. ఎవరి మంచినీళ్లు ఎవరు తాగారో చూసే తీరిక ఎవరికీ లేదు. గంటకింతని థియేటరు అద్దె పరుగెత్తుతూ వుండేది. సాయంత్రం కాల్‌షీటు డబ్బు దగ్గర అందరం ఒకే క్యూ. సంఘసంస్కర్తలు వందేళ్లు ఉపన్యాసాలిచ్చి సాధించలేని సహపంక్తిని నిర్మాతల తొందర సాధించింది. పెట్టుబడి పాత బంధాలను తెంపుతుందని చదువుకున్న విద్యార్థి మిత్రులకు ఇది ఆశ్చర్యం కలిగించదు. అయితే పెట్టుబడి ఇచ్చిన సమానత్వం పెట్టుబడికి అవసరమున్నంతకాలమే నిలుస్తుంది. కీబోర్డు వచ్చింది. ఇరవైమంది తీగవాద్యాల పని ఒక్క మనిషి పది వేళ్లతో చేయవచ్చునని తేలింది. నాకు కాల్‌షీట్లు నెలకు ఇరవైనుంచి ఐదుకు, ఐదునుంచి ఒకటికి దిగాయి. వరుస అంతా కలిసే ఇంటికి పోయింది. సహపంక్తి అప్పుడూ చెడలేదు.

పని లేని ఆ రోజుల్లోనే పాబ్లో కసాల్స్ జ్ఞాపకాలు చదివాను. 1876లో స్పెయిన్‌లోని కాటలోనియాలో పుట్టిన ఈయన చెల్లో వాద్యకారుల్లో మా అందరికీ తాతగారు. పదమూడేళ్ల వయసులో బార్సెలోనాలో ఒక పాత పుస్తకాల కొట్లో బాహ్ రాసిన చెల్లో స్వరరచనలు దొరకడం, వాటిని ఏళ్ల తరబడి సాధన చేసి లోకానికి వినిపించడం సంగీత చరిత్రలన్నింటిలో వుంటుంది. మనకు ముఖ్యమైనది వేరే. 1920లో ఆయన బార్సెలోనాలో సొంత డబ్బు పోసి వాద్యబృందం నెలకొల్పాడు. టిక్కెట్టు ధరలు కార్మికులకు అందవని చూశాడు. అప్పుడు ఆయన ఏం చేసి వుండవచ్చు? ఏడాదికొక ఉచిత కచేరీ పెట్టి, పత్రికల్లో ఫోటో వేయించుకోవచ్చు. మన సభలు చేసేది అదే. ఆయన 1926లో కార్మికుల కచేరీ సంఘం ఏర్పడేటట్టు చూశాడు. నెలకు 500 పెసెటాలకు లోపు సంపాదించేవారికే అందులో సభ్యత్వం. రుసుము సంవత్సరానికి 6 పెసెటాలు. ధనికుడు చేరదామన్నా వీలులేదు! ఆదివారం ఉదయం పూట పూర్తి వాద్యబృందం వారికోసం వాయించేది. ధనికులకు వాయించినదాన్నే, కుదించకుండా, తేలిక చేయకుండా. ఆ సంఘం క్రమంగా తన పత్రిక, తన గ్రంథాలయం, తన సంగీత పాఠశాల పెట్టుకుంది.

1936 జూలై 18 రాత్రి ఆ బృందం బీథోవెన్ తొమ్మిదో సింఫనీ అభ్యాసం చేస్తూండగా ఫాసిస్టు సైనిక తిరుగుబాటు కబురు వచ్చింది. మర్నాటి కచేరీ రద్దు, అందరూ ఇళ్లకు పొండి అని. కసాల్స్ వాద్యకారులను అడిగాడు: ముగించి పోదామా, ఇలాగే పోదామా? ముగించే పోయారు. ఆ తరువాత ప్రవాసం. ఫ్రాంకో ప్రభుత్వాన్ని గుర్తించిన దేశాల్లో వాయించనని ఆయన కూర్చున్నాడు. 1973లో ప్యూర్టోరికోలో మరణించేనాటికి ఫ్రాంకో ఇంకా గద్దెమీదే వున్నాడు.

ఈ కథలో నన్ను నిలబెట్టిన మాట ఆ 6 పెసెటాలు. ఉచితం చేసి వుంటే కార్మికుడు అతిథి అయ్యేవాడు. అతిథికి నచ్చకపోతే లేచి పోవడం తప్ప వేరే హక్కు లేదు. రుసుము కట్టినవాడు లెక్కలు అడుగుతాడు.

దీనిని మన విజయనగరంతో పోల్చి చూద్దాం. 1919లో విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాల స్థాపించడానికి కారణం తన ఆస్థానంలోని ఒక ఉద్యోగి కుమారుడు, అంధ బాలుడు. ఒక్క గుడ్డి పిల్లవాడి కోసం కళాశాల పుట్టడం సామాన్య విషయం కాదు. జమీందార్లు చేసిన పనులన్నీ ఒకే గాటన కట్టి నిందించే మిత్రులు ఇక్కడ కొంచెం ఆగాలి. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు. చూపు బాగా మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరడానికి వెడితే ఆచార్యుడిగా నియమించారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. పాటకు పక్కవాద్యంగా, గాయకుడి వెనక నీడగా వుండిన ఫిడేలును ఒంటరిగా వేదిక మధ్య కూర్చోబెట్టినవారిలో ఆయనది పెద్ద పేరు. అగ్రహారంనుంచి రాని, కళ్లు సరిగా కనపడని మనిషి ఆ పని చేశాడు.

అయితే అదే కళాశాలకు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు వెళ్లినప్పటి కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. వారాలు చేసుకుని, జోలె కట్టి మధూకరం ఎత్తుకుని చదువు సాగించారు. దీనిని మనం ఆయన పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకుంటాం. నిజమే. కాని నేను ఆ కథ విన్నప్పుడల్లా నా మనసు వేరే లెక్క వేస్తుంది. వారాలు పెట్టేది ఎవరికి? బ్రాహ్మణ బాలుడికి. మధూకరం వేసేది ఎవరి జోలెలో? అదే ఏడాది కొల్లేటి లంకలనుంచి ఒక వడ్డీల కుర్రవాడు అంత గొంతుతో, అంత ఆకలితో వెళ్లి వుంటే, కళాశాల చేర్చుకున్నా ఏ వీధిలో ఏ తల్లి అతనికి సోమవారం అన్నం పెట్టేది? ఘంటసాలగారి కష్టాన్ని ఇది తగ్గించదు. ఆయన పడిన కష్టం పడే అవకాశం కూడా ఎందరికి లేదో చూపిస్తుంది. కచేరీ హాలు తలుపు గురించి మనం మాట్లాడినన్ని మాటలు విద్యార్థి భోజనం గురించి మాట్లాడలేదు.

బెంగళూరు నాగరత్నమ్మగారి సంగతి సరేసరి. తన ఆస్తి వెచ్చించి తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించిన ఆమె, ఆ గుడి ముందు స్త్రీలు పాడే హక్కు కోసం మళ్లీ పోరాడవలసి వచ్చింది.

ఇక మనవాళ్లు. ప్రజానాట్యమండలి బుర్రకథను రణభేరిగా మార్చిన ఘనత ఎవరూ కాదనలేరు. ఆ బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్ పింజారీల కుటుంబంలో పుట్టి, కర్ణాటక సంగీతం పట్టుగా నేర్చినవాడు. ఆయన గొంతులో అంత జిగి ఆ సాధన లేకుండా ఎక్కడిది? మనం నాజర్‌ను నెత్తిన పెట్టుకున్నాం, ఆయన నేర్చిన విద్యను మాత్రం దొరలకు వదిలేశాం. జానపదం ప్రజలది, రాగం వారిది అని పంపకం చేసుకున్నాం. సన్నాయి ఆయన మన పంపకంలో ఎక్కడా ఇమడలేదు. అందుచేత ఆయన్ను లెక్కలోంచే తీసేశాం. ఇది చిన్న పొరపాటని నేననుకోను.

కొల్లేటికోటలో మా ప్రయత్నం ఈ ఆలోచనలనుంచే పుట్టింది. ఇంటికి నెలకు పది రూపాయలు. కట్టినవారికి ఓటు. ఎవరిని పిలవాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు పెట్టాలి అన్నీ సభ్యులే తేల్చాలి. విన్నవెంటనే మా వాళ్లు నవ్వారు. ఎందుకో చెప్పాలి. మాకు సంఘాలంటే తెలియక కాదు, బాగా తెలిసి! 1970ల్లో కొల్లేటి గ్రామాల్లో మత్స్య సహకార సంఘాలు పెట్టి చెరువులు ఇచ్చారు. కొద్దికాలానికి చెరువు పైనుంచి వచ్చిన లీజుదారుడిది, సంఘం పేరు మాది, అందులో కూలి మాది అయింది. 2006లో కొల్లేరు ఆపరేషన్ అని ఐదో కాంటూరు లోపలి గట్లు తెగ్గొట్టినప్పుడు నష్టం మాత్రం నిఖార్సుగా మాకు వచ్చింది. "మాస్టారూ, ఈ పాటల సంఘం చివరికి ఎవరికి లీజుకిస్తారు?" అని ఒకడు అడిగాడు. కసాల్స్ పుస్తకంలో లేని ప్రశ్న ఇది.

ఆ ప్రశ్న రెండేళ్లు తిరక్కుండానే ఎదుటికి వచ్చింది. చెరువుల మీద బాగా గడించిన ఒక పెద్దమనిషి షామియానా, మైకు, భోజనాలు అన్నీ తానే చూస్తానన్నాడు. వెనక గుడ్డ మీద ఆయన ఫోటో వుంటే చాలు. నావంటి వాడికి ఆశ పుట్టదా? సభ్యులు ఒప్పుకోలేదు. షామియానా అద్దె ఎంతో చెప్పమన్నారు. ఎక్కువని తేలింది. బడి ఆవరణలో రావిచెట్టు కింద పెట్టుకున్నాం.

తరువాత కుర్చీ తగాదా. మన కచేరీ నేల మీద కూర్చుని చేసేది. చెల్లోకు కుర్చీ కావాలి. నేను కుర్చీలో, సన్నాయి ఆయన, డోలు ఆయన చాప మీద. చూసేవారికి అది వాద్యధర్మంగా కనపడలేదు. ఎవరు కుర్చీలో కూర్చుంటారు, ఎవరు కింద కూర్చుంటారు అన్న పాత లెక్కగా కనపడింది. వారి కళ్లు తప్పు కాదు. హాలెండ్‌నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడిన సాస్కియా రావ్ హిందుస్తానీ సంగీతం కోసం చెల్లోను చిన్నది చేయించి, తీగలు పెంచి, కింద బాసిపెట్టు వేసుకుని వాయిస్తారని మా వాళ్లకు చెప్పాను. "ఆవిడ చేయించుకుంది, నువ్వు చేయించుకోలేవు, బెంచీలు తీసుకురండి" అన్నారు. బడి బెంచీల మీద అందరం కూర్చున్నాం. డోలు ఆయనకు అది ఇబ్బందే. రెండో నెలనుంచి ఆయన కోసం వెడల్పు బల్ల సంపాదించాం.

కచేరీ వేళ మార్చింది ఆడవాళ్లు. ఆదివారం పొద్దున్న అని కసాల్స్‌ను చూసి నేను పెట్టాను. చేపలమ్మే వాళ్లకు ఆదివారం పొద్దున్న తీరిక ఎక్కడిది? చీకటిపడ్డాక అన్నారు. రాగం ముందు నేను ఇచ్చే వివరణ కూడా వారే కత్తిరించారు. "వాయించేదానికంటే చెప్పేదే ఎక్కువైంది, ఇంట్లో అన్నం చల్లారిపోతోంది" అని ఒకామె అందరి ముందూ అన్నది. ఒకటే రాగం, గంటసేపు, మధ్యలో మాటల్లేకుండా కావాలన్నారు. ఏ పట్నపు సభలోనూ ఈనాడు అంత ఓపికగల శ్రోతలు నాకు కనపడలేదు. స, ప, స, ప అని తీగలు దించి శ్రుతి చేసుకుని మంద్రంలో తోడి వాయిస్తూంటే దూరాన బోదకాలవ గట్టుమీద కూర్చున్నవాళ్లు కూడా కదిలేవారు కాదు. తోడి అని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

పిల్లల్లో ఆరుగురు ఫిడేలు నేర్చుకుంటున్నారు. వాద్యాలు సంఘానివి, ఇంటికి తీసుకుపోవచ్చు, సెలవుల్లో మాత్రం మార్చుకోవాలి. ఏలూరులో పరీక్షకు వెళ్లిన అమ్మాయికి బస్సు ఖర్చు, మధ్యాహ్నం భోజనం సంఘం పద్దులో రాస్తాం. ఆ పద్దు మీద ఒకసారి గొడవ జరిగింది: భోజనానికి అంతెందుకయిందని. అమ్మాయి రసీదు చూపించింది.

కిందటి నెల సమావేశంలో రెండు తీర్మానాలు వచ్చాయి. సన్నాయి, డోలు, ఫిడేలు, చెల్లో ఎవరు వాయించినా ఒకే మొత్తం ఇవ్వాలన్నది మొదటిది, ఏకగ్రీవంగా నెగ్గింది. వర్షాకాలపు చెమ్మకు నా చెల్లో బిరడాలు ఉబ్బి, వెనక పలక జిగురు విడిచింది. బాగుచేయించి, చెన్నైనుంచి కొత్త తీగలు తెప్పించాలన్నది రెండోది. పెట్టెలో వున్న డబ్బు లెక్కపెట్టారు. రెండు పనులకూ చాలదు. రెండోదాన్ని సంక్రాంతి వరకు వాయిదా వేశారు. ఈ నెల సన్నాయి కచేరీ. మెరకనుంచి ఇద్దరన్నదమ్ములు వస్తున్నారు. వారికి భోజనం ఈసారి మా ఇంట్లో.